గౌరమ్మప్ప మూయని హోటలు

పొద్దున్న పోర్ట్ బ్లెయిర్‌లో మా డిగ్నాబాద్ సందులో గ్యాసు బండి ఆగితే నాకు కళ్ళు తెరవకుండానే తెలుస్తుంది. సిలిండరును పక్కకు వాల్చి, అడుగంచు మీద తిప్పుతూ, సిమెంటు నేల మీద దొర్లించుకొస్తారు. ఆ చప్పుడును బట్టి అది నిండుదో ఖాళీదో చెప్పగలను. నిండుది గొంతు దించుకొని బరువుగా వస్తుంది, ఖాళీది బడిగంటలా మోగుతుంది. మొన్న మా కోడలు తలుపు తీసి చూసి, "మనకి కాదట అత్తమ్మా, పక్కింటోళ్ళకట" అని మళ్ళీ ముసుగు తన్నింది. నాకు మళ్ళీ నిద్ర పట్టలేదు. ఆ చప్పుడు నన్ను చాతం జెట్టీ దగ్గరికి, గౌరమ్మప్ప వంటింట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆమెను చూడనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్ళు ఆమె చేతి అన్నమూ తిన్నారు, తిట్లూ తిన్నారు.

నేను బళ్ళో చదివింది మూడో తరగతి వరకే. ఆ తర్వాత అక్షరాలు నాతో ఉన్నాయంటే ఆదివారం చర్చిలో తెలుగు పాటల పుస్తకం పట్టుకొని వాటిని వదలకపోవడం వల్లే. అందుకని నా రాతలో వంకర్లుంటే సర్దుకోండి. మా తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చారు. మేము తుష్నాబాద్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన మంచాన పడ్డాక ఇల్లు గడవక నేను పనికోసం రోజూ బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చేదాన్ని. అలా వెతుక్కుంటూ చాతం చేరాను. వంతెన దాటితే వచ్చే చిన్న దీవి అది. ఒక పక్క పాత రంపపు మిల్లు, ఇంకో పక్క బాంబూఫ్లాట్ ఫెర్రీ ఆగే రేవు. రేవుకు ఎదురుగా రేకుల కప్పు కింద నాలుగైదు చిన్న హోటళ్ళు వరసగా ఉండేవి. వాటిలో బోర్డు లేనిది గౌరమ్మప్పది. జెట్టీ అంతా ఆమెను దీదీ అనేది. నేను మాత్రం మా వాళ్ళు పెద్దక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని.

మొదటి రోజే పొయ్యి ముందు నిలబెట్టి పరీక్ష పెట్టింది. నేను మంట పెద్దది చేసి అన్నం గిన్నె ఎక్కించాను. వెనక నుంచి గొంతు వచ్చింది.

"ఏటే మార్తా, మంట గిన్నె పక్కలకి ఎందుకు ఎక్కుతోంది?"

"బేగి ఉడుకుతాదని అప్పా."

"గిన్నె పక్కలు అన్నం తింటాయేటి? అడుక్కి పెట్టు మంట. నువ్వు తగలేసేది గ్యాసు కాదు, నా ఒళ్ళు."

అన్నం ముప్పాతిక ఉడకగానే ఆమె గంజి వార్చి, మూత బిగించి, గిన్నె చుట్టూ గోనెసంచులూ పాత దుప్పటీ కప్పి మూలకు చేర్చేది. మిగతా పాతిక తన వేడికి తానే ఉడికేది. మొదట్లో నాకు అది పీనాసితనంగా తోచింది. నేనూ పొదుపు మనిషినే, కానీ అన్నానికి దుప్పటి కప్పేంత కాదు. మధ్యాహ్నం సంచి విప్పితే మెతుకు మెతుకూ విడివిడిగా పొగలు కక్కుతూ వచ్చింది. ఇక నోరు మూసుకున్నాను.

ఆమెది అంతకుముందు కట్టెపొయ్యేనట. మిల్లు దగ్గర దొరికే చెక్కముక్కలతో నడిచేది. పొగ పనికిరాదు, హోటళ్ళన్నీ గ్యాసుకు మారాలి అని పై నుంచి చెప్పినప్పుడు ఆ వరసలో అందరికన్నా ముందు తన మట్టిపొయ్యిని తనే రోకలితో పగలగొట్టుకుంది. "మంచి మాటే సెప్పారు, నా కళ్ళు బాగుపడతాయి" అందట. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విన్నవాళ్ళు ఆమెను పుట్టుకతోనే గవర్నమెంటుతో తగువులాడే మనిషి అనుకుంటారు. కాదు. చెప్పిన మాట వినే మనిషే. విన్నందుకే అంత కోపం వచ్చింది ఆమెకు.

నేను పనిలో కుదురుకున్న కొన్నేళ్ళకు దేశమంతా గ్యాసు కటకట వచ్చింది. ఢిల్లీ నుంచి ఆర్డరు దిగింది. ఉన్న గ్యాసు ముందు ఇళ్ళకు, ఆసుపత్రులకు. హోటళ్ళకు మిగిలితేనే. సముద్రానికి అవతల పెద్ద దేశంలో లారీ మీద వచ్చే సరుకు మాకు ఓడ మీద రావాలి. గాలివాన పడితే ఓడ ఆగిపోతుంది. అక్కడ కొంచెమైనా మిగిలేదేమో గాని, సముద్రం దాటి మా దాకా వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. ఊళ్ళో పెద్ద హోటళ్ళవాళ్ళు కరెంటు పొయ్యిలు తెప్పించుకున్నారు. మా రేకుల కింద ఉన్న కరెంటు రెండు బల్బులకే ఆపసోపాలు పడేది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ అయ్యాక జెట్టీ హోటళ్ళవాళ్ళంతా మా దగ్గరే చేరారు. మా హోటళ్ళ సంఘానికి సెక్రటరీ బిశ్వాస్ బాబు. చేపల భోజనం పెట్టే బెంగాలీ ఆయన. మా ఎడంపక్క దోసెలు పోసే మురుగన్ కూడా వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

"బంద్ పెడదాం దీదీ" అన్నాడు బిశ్వాస్ బాబు. "అందరం షట్టర్లు దించేద్దాం. అప్పుడు వాళ్ళ దిమాక్‌కి ఎక్కుతుంది."

గౌరమ్మప్ప బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. "ఎవల దిమాకుకి? గ్యాసు ఆపి మనల్ని మూసుకోమంటన్నారు. నువ్వు మూసేసి, సూడండి సాబ్ మూసేశాం అని బెదిరిస్తావా? వాల్ల పని నువ్వు సేసి పెడతన్నావు బాబూ. ఎల్లి జీతం అడుగు."

మురుగన్ అప్పుడు నవ్వాడు. బిశ్వాస్ బాబుకు ఒళ్ళు మండింది. "మరి ఏం చేయాలో నువ్వే బోలో దీదీ. ఢిల్లీ నుంచి ఆఫీసరు వస్తున్నాడట, ఇక్కడి పరిస్థితి చూడ్డానికి. ఆయనకి ఏం చూపిద్దాం?"

"సూపించడం తరవాత. ముందు బోజనానికి పిలు."

ఇక్కడే మేము చేసిన తెలివితక్కువ పని మొదలైంది. మా వైపు మనుషులకు ఒక జబ్బు ఉంది. ఇంట్లో గింజ లేకపోయినా వచ్చినవాడి ముందు విస్తరి నిండాలి. ఆ జబ్బు బెంగాలీలకూ తమిళులకూ కూడా ఉందని ఆ వారమే తెలిసింది. ఎవరి దగ్గర అడుగున ఎంత గ్యాసు మిగిలి ఉంటే అంత మా పెరట్లోకి మోసుకొచ్చారు. పీతల కూర, చేప పులుసు, రొయ్యల వేపుడు, బిశ్వాస్ బాబు ఆవపిండి పట్టించి వండిన చేప, మురుగన్ నేతి దోసెలు, పాయసం. నాకు చేతులు ఆడలేదు.

"అప్పా, గ్యాసు లేదని సెప్పుకోడానికి పిలిసి ఇన్ని వండితే ఎలాగ?"

"నోరు ముయ్యి. ఇంటికొచ్చినోడికి నీళ్ళన్నం పెట్టి నా ముకానికి సున్నం రాసుకోమంటావా? ముందు తిననీ. తిన్నాక మాట మెత్తగా ఎక్కుతాది."

ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చెప్పులు బయట విడిచాడు, కూలీల బల్ల మీదే కూర్చున్నాడు, పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. వెంట వచ్చిన కుర్రాడు విస్తరిని ఫోనులో ఫోటో తీశాడు. చేతులు కడుక్కొని ఆఫీసరు గౌరమ్మప్పకు దండం పెట్టి హిందీలో అన్నాడు: "అమ్మా, ఇక్కడ పొయ్యిలే ఆరిపోయాయని నాకు ఢిల్లీలో చెప్పారు. భగవంతుడి దయ, అంత కష్టం ఏమీ లేదన్నమాట."

మురుగన్ పాయసం గరిటెతో అలాగే నిలబడిపోయాడు. బిశ్వాస్ బాబు ముందుకొచ్చి, "నహీ సాబ్, ఇది ఆఖరి గ్యాసు సాబ్" అన్నాడు.

"ఆఖరిదే ఇలా ఉంటే మొదట్లో ఎలా ఉండేదో" అని ఆఫీసరు నవ్వుతూ కారెక్కాడు.

కారు వంతెన దాటింది. బిశ్వాస్ బాబు గౌరమ్మప్ప వైపు తిరిగాడు. "దీదీ, నీ పులుసు మన కేసును తినేసింది."

ఆమె ఎదురు చెప్పకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పెరట్లోకి వెళ్ళి అన్ని హోటళ్ళ గిన్నెలూ ముందు వేసుకొని తోమడం మొదలుపెట్టింది. నేను చెయ్యి వేయబోతే తోసేసింది. చివరి గిన్నె బోర్లించాక అందరినీ పిలిచి చెప్పింది: "తప్పు నాదే. వచ్చినోడు సుట్టం అనుకున్నాను. ఆయన సుట్టం కాదు, తీర్పు సెప్పడానికి వచ్చినోడు. తీర్పు సెప్పేవోడికి నాను రుసి సూపించాను. రేపు ఆయన ఎటు ఎల్తాడో కనుక్కోండి."

మర్నాడు బాంబూఫ్లాట్ వెళ్ళి మధ్యాహ్నానికి ఫెర్రీలో తిరిగొస్తాడని తెలిసింది. గౌరమ్మప్ప అందరికీ ఒకటే మాట చెప్పింది. ఒక్క హోటలూ మూయకూడదు. బల్లలు తుడిచి, విస్తళ్ళు పరిచి, నీళ్ళు పోసి ఉంచాలి. అరుపులొద్దు, అట్టముక్కల మీద రాతలొద్దు. సామాను ఎత్తే కూలీలు రోజూ కూర్చునే వేళకు రోజూ కూర్చునే చోటే వచ్చి కూర్చున్నారు. వాళ్ళు నటించాల్సింది ఏమీ లేదు. ముందురోజు విందుతో గ్యాసు నిజంగానే అయిపోయింది. మిగిలిన అన్నం పొద్దున్నే నీళ్ళు పోసి వాళ్ళకే పెట్టేశాం. పొయ్యి మీద గిన్నె లేదు.

ఫెర్రీ దిగిన ఆఫీసరు ఎండలో నడుచుకుంటూ నేరుగా మా దగ్గరికే వచ్చాడు. "ఇవాళ ఏముంది అమ్మా?"

"నీళ్ళున్నాయి సాబ్. కూకోండి."

ఆయన వరసగా ఖాళీ విస్తళ్ళు చూశాడు. పక్క హోటల్లోకి తొంగి చూశాడు. అక్కడా అంతే. వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఆయన అన్న మాట తేలికైనది కాదు, ఇప్పటికీ నేను దాన్ని తీసిపారేయను. "అమ్మా, సరుకు తక్కువైనప్పుడు ఎవరికో ఒకరికి ఆపాలి కదా. ఇళ్ళల్లో పసిపిల్లలుంటారు, ముసలివాళ్ళుంటారు. ఇంటి పొయ్యి ఆర్పమంటావా?"

"ఒద్దు సాబ్. ఇంటిపొయ్యి ఆర్పొద్దు." ఆమె కూలీల వైపు తిరిగింది. "అరే భీమా, నీ ఇంటి పొయ్యెక్కడుంది?"

"ఇదే కదా దీదీ" అన్నాడు భీమా, మా చల్లారిన పొయ్యి చూపించి.

"మరి నీదెక్కడరా?"

పక్కవాడు రాంచీ నుంచి వచ్చినవాడు, గడుగ్గాయి. "నా పెళ్ళాం పొయ్యి రాంచీలో ఉంది సాబ్. దానికి గ్యాసు బాగానే వస్తోందట. ఇక్కడిదాకా వాసన రావడం లేదు."

కూలీలు గొల్లున నవ్వారు. ఆఫీసరుకూ నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాడు. గౌరమ్మప్ప మాత్రం నవ్వలేదు.

"మీ కాయితంలో మేం దుకానం సాబ్. ఈల్లకి మేం ఇల్లు. పదిమంది ఒక గదిలో పడుకునేవోడికి వంటిల్లు ఎక్కడిది? ఇల్లకి ముందు అన్నారు, మంచిదే. మరి ఈల్ల ఇల్లు మీ వరసలో ఆఖర్న ఎందుకుంది? కట్టెలు మానమన్నారు, మానాను. మట్టిపొయ్యి నా సేత్తో నానే పగలగొట్టాను. ఇప్పుడు గ్యాసూ లేదంటే నాను దేని మీద వండాల? మీ ఆర్డరు మీదా?"

ఆయన గ్లాసు అందుకున్నాడు. నీళ్ళు పూర్తిగా తాగి, ఆమె పేరు అడిగి రాసుకొని, భీమా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఓడ వచ్చాక గ్యాసు బండి జెట్టీ వరసలోకి వచ్చింది. అందరూ బయటికి వచ్చి నిలబడ్డారు. బండివాడు ఒక్క సిలిండరు దింపాడు, మా గుమ్మంలో. "సాబ్ మీ పేరు చెప్పారంట దీదీ. మీకే స్పెషల్." బిశ్వాస్ బాబు తన హోటల్లోకి వెళ్ళిపోయాడు. అతని వీపు చూస్తే నాకే సిగ్గేసింది.

"నా నోరు పెద్దదని దీంతో మూత పెడతన్నారు" అంది గౌరమ్మప్ప.

తిప్పి పంపేస్తుందనుకున్నాను. "తిప్పి పంపడానికి నాకు మతి పోలేదు. వచ్చిన మంటని ఒదులుకుంటారేటే? అటక మీద పెళ్ళి గిన్నెలు దింపు" అంది. వరసలో ఉన్న అన్ని హోటళ్ళ బియ్యమూ తెమ్మని కబురు పెట్టింది. ఆ ఒక్క సిలిండరు మీద గిన్నె తర్వాత గిన్నె ముప్పాతిక ఉడికించి దింపడం, నేను గోనెలు చుట్టడం, ఎవరి గిన్నె వాళ్ళు మోసుకుపోవడం. కూరలు లేవు. ఒకరు పచ్చడి, ఒకరు పెరుగు, మురుగన్ కొబ్బరి చట్నీ. బిశ్వాస్ బాబు ఉల్లిపాయలు తరిగి నిమ్మకాయ పిండాడు. జెట్టీలో ఆ రోజు ఎవరూ ఖాళీ కడుపుతో బరువు ఎత్తలేదు. అన్నం మూల పెట్టి దుప్పటి కప్పడం మీద నాకున్న అభిప్రాయం అప్పుడు పూర్తిగా మారింది.

ఎవరో చెప్పినట్టున్నారు, వారం తిరక్కుండా సివిల్ సప్లైస్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రవాడు, కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. "దీదీ, ఒకరి పేరు మీద ఇచ్చిన గ్యాసు ఇంకొకరికి ఇవ్వకూడదు. రూల్ ఉంది. సీజ్ చేయాల్సి వస్తుంది."

ఆమె అతని చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకెళ్ళింది. "ఇదిగో బాబూ సిలిండరు. నా పేరు మీద వచ్చింది, నా పొయ్యి కిందే ఉంది. గ్యాసు గడప దాటలేదు. అన్నమే నడిసి ఎల్లింది. అన్నం నడవకూడదని రూలుంటే సూపించు, ఇప్పుడే కాళ్ళు కట్టేస్తాను."

అతను తల గోక్కున్నాడు. ఫోను తీసి ఏదో వెతికాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "తిన్నావా?" అని అడిగింది. తినలేదు. అతనూ ఒంటి గదిలో అద్దెకుండే మనిషే. ఆ పూట నుంచి అతనూ మా బల్ల దగ్గరే తినేవాడు, పైసలిచ్చి. ఆమె ఊరికే పెట్టలేదు. పెడితే లంచం అంటారని ఆమెకు తెలుసు.

ఓడ వచ్చినప్పుడల్లా ఆమె పేరు మీద ఒక సిలిండరు వస్తూనే ఉంది, ఆ వంట అలా చాలాకాలం సాగింది. వరసలో అందరికీ గ్యాసు ఇమ్మని అడగడానికి సివిల్ సప్లైస్ ఆఫీసుకు వెళ్ళిన ప్రతిసారీ నన్నూ వెంటేసుకెళ్ళేది. ఒకసారి గుమ్మంలో ఆగిపోయాను. "నాకు సరిగ్గా హిందీ రాదప్పా, సదువు లేదు, నువ్వే మాటాడు" అన్నాను. నా రెక్క పట్టుకొని లోపలికి లాగింది. "వాడు కుర్సీలో ఉన్నాడని నువ్వు గుమ్మంలో ఉండాలేటి? తెలుగులో సెప్పు. అర్దం కాకపోతే వాడే ఎవలినో పిలుసుకుంటాడు." అలాగే చెప్పాను. వాళ్ళు నిజంగానే ఒక తెలుగు అటెండరును పిలుచుకున్నారు. "మీకు వస్తోంది కదా దీదీ, ఇంకా ఎందుకు తిరుగుతున్నారు?" అని ఆఫీసులో అడిగినప్పుడల్లా గౌరమ్మప్ప జవాబు మారలేదు. "నాకు వస్తే సాలదు."

చివరికి జెట్టీల దగ్గరున్న చిన్న హోటళ్ళకు కొంత వాటా ముందే తీసి పెట్టమని ఆర్డరు వచ్చింది. గెలిచామని డప్పు కొట్టను. ఆ వాటా ఎప్పుడూ సరిపోలేదు. దోసెలకు పెనం కింద మంట కావాలి, వండిన అన్నం మోసుకుపోతే దోసె అవదు. మురుగన్ ఆ ఆర్డరు వచ్చేలోపే పెనం అమ్మేసి రామేశ్వరంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఓడెక్కేముందు వచ్చి, "దీదీ, నువ్వు మాత్రం మూయకు" అన్నాడు. గౌరమ్మప్ప అతనికి దారిలోకి పులిహోర కట్టిచ్చింది. ఆ నష్టాన్ని ఏ ఆఫీసులో చెప్పుకోవాలో ఆమెకూ తెలియలేదు.

ఆమె ఒక వానాకాలంలో పోయింది. జ్వరంతోనే అన్నం వార్చి, సంచి సరిగ్గా చుట్టలేదని నన్ను తిట్టి, మంచమెక్కి మళ్ళీ లేవలేదు. పిల్లల్లేరు. హోటలు నా చేతికి వచ్చింది. ఇప్పుడు నేనూ మా కోడలూ నడుపుతున్నాం.

ఈమధ్య మళ్ళీ అదే మాట వినిపిస్తోంది. సరుకు తక్కువ, ఇళ్ళకు ముందు, హోటళ్ళు కాస్త ఓర్చుకోవాలి. పాత వాటా ఆర్డరు ఇప్పుడు చెల్లదంటున్నారు. మా అబ్బాయి, "కొన్నాళ్ళు షట్టరు దించేద్దాం అమ్మా, ఈ వయసులో నీకెందుకు ఆఫీసుల చుట్టూ తిరుగుడు" అన్నాడు. దించడానికి వీల్లేదన్నాను. దించిన షట్టరు ఎవరికీ వినబడదు. తెరిచి ఉన్న హోటల్లో ఖాళీ బల్ల ముందు కూర్చున్న మనిషిని చూడకుండా దాటిపోవడం కష్టం. ఇది నేను ఎక్కడా చదివింది కాదు. ఆమె పక్కన నిలబడి చూసింది.

పోయిన వారం గ్యాసు వాటాల గురించి ఆఫీసువాళ్ళు మీటింగు పెట్టారు. నన్ను పిలవలేదు. వెళ్ళాను. పెద్ద హోటళ్ళవాళ్ళు ముందు వరసలో ఏసీ కింద కూర్చున్నారు. నేనూ వెళ్ళి ముందు వరసలోనే కూర్చున్నాను. బల్ల వెనకున్న అమ్మాయి వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఆంటీ, మీరు ఏ హోటల్ తరఫున?"

"హోటలు తరఫున కాదమ్మా. తినేవాళ్ళ తరఫున."

"అలా రాయడానికి ఇందులో చోటు లేదు ఆంటీ."

"మరైతే చోటు చెయ్యి" అన్నాను. ఆ అమ్మాయి పెన్ను కదిలేదాకా అక్కడి నుంచి లేవలేదు.